పని ఉంది, పత్రం లేదు

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే దీర్ఘమైన ఆయతు ఏది అని అడిగితే మా విద్యార్థులు తడుముకోకుండా చెబుతారు: బఖరా సూరాలోని 282వ ఆయతు. అది దేనిని గురించి అని అడిగినప్పుడు మాత్రం కొందరు ఒక్క క్షణం ఆగుతారు. అది నమాజును గురించి కాదు, ఉపవాసాన్ని గురించి కాదు. గడువు పెట్టుకొని చేసే ఋణ వ్యవహారాలను వ్రాసి పెట్టుకోవడాన్ని గురించి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులు ఉండాలని అల్లాహ్ అందులో ఆదేశించాడు. చదవను వ్రాయను వచ్చినవారు వేళ్ళమీద లెక్కింపదగినంత మందే ఉన్న సమాజానికి ఇచ్చిన ఆదేశమిది.

ఈ ఆయతును మనసులో ఉంచుకొని నేడు తెలుగు నేలపై జరుగుతున్న నిర్మాణాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పై స్థాయిలో ప్రతిదీ కాగితం మీదనే నడుస్తుంది. టెండరు, అంచనా, నక్షా, కొలతల పుస్తకం, బిల్లు అన్నీ ఉంటాయి. ఒక్కొక్క మెట్టు దిగుతున్నకొద్దీ కాగితం పలుచబడుతుంది. కంపెనీ నుండి సబ్ కాంట్రాక్టరుకు, అతని నుండి గుంపు మేస్త్రీకి, మేస్త్రీ నుండి కూలీకి చేరేసరికి నోటిమాట ఒక్కటే మిగులుతుంది. ఆ చివరి మెట్టు మీదనే మన బిడ్డలలో అనేకులు నిలబడి ఉన్నారు.

ఈ రంగంలో పని లేదని ఎవరూ అనలేరు. హైదరాబాదులో స్థల వైశాల్యాన్నిబట్టి నిర్మాణ విస్తీర్ణానికి ఉండే పరిమితిని 2006లో 86వ నంబరు జీవో తొలగించింది. నగరానికి పశ్చిమాన నేడు ఆకాశాన్ని తాకుతున్న భవన సముదాయాలకు అదే తలుపు తెరిచింది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి చుట్టూ కొత్త ఊళ్ళు లేచాయి. దానికి వెలుపల ప్రాంతీయ వలయ రహదారి రాబోతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో అమరావతి పనులు 2025 మే 2న తిరిగి ప్రారంభమయ్యాయి. సముద్రతీరాన మూలపేట, రామాయపట్నం, మచిలీపట్నం ఓడరేవులను నిర్మిస్తున్నారు. సిమెంటుపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గించారు గనుక సొంత ఇంటి కోసం డబ్బు కూడబెట్టుకుంటున్న సామాన్యునికీ కొంత ఊరట లభించింది.

అయితే ఈ రంగంలో పని ఎంత విస్తారమో, అది ఆగిపోవడం అంత ఆకస్మికం. అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. 2019 తరువాత పనులు నిలిచిపోయి, కట్టిన గోడల మధ్య తుమ్మచెట్లు మొలిచాయి. అదే ఏడాది ద్వితీయార్ధంలో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక విధానం మారింది. కృష్ణా గోదావరులకు వరదలు కూడా తోడై ఇసుక దొరకలేదు. నెలల తరబడి తాపీలు మూలన పడ్డాయి. ఇటువంటి సమయంలో స్థలం యజమాని వేచి ఉండగలడు. పెద్ద కంపెనీ ధరల పెరుగుదల పేరిట అదనపు చెల్లింపు అడగగలదు. అడ్డా మీద నిలబడే కూలీకి మాత్రం ఆ రోజు పోతే ఆ రోజు పోయినట్లే. నష్టంలో అందరికంటే పెద్ద వాటా అతనిదే, కాని ఏ లెక్కలోనూ అతని పేరు ఉండదు.

మన బిడ్డలు ఏ పనుల్లో ఉన్నారు?

ఏ పట్టణంలోనైనా మన మొహల్లాలలో తిరిగి చూడండి. పదవ తరగతి తప్పిన అబ్బాయి, హిఫ్జ్ మధ్యలో మానివేసిన అబ్బాయి, తండ్రి మంచం పట్టగానే బడి వదిలిన అబ్బాయి చాలాచోట్ల ఈ పనుల్లోకే వెళ్తున్నారు: పెయింటింగ్, వెల్డింగ్, టైల్స్, మార్బుల్ పాలిష్, సెంట్రింగ్, ప్లంబింగ్, కరెంటు వైరింగ్, అల్యూమినియం తలుపుల పని. హెల్పరుగా చేరి, ఉస్తాద్ చేతిని చూసి నేర్చుకుంటారు. మమ్మల్నీ ఉస్తాద్ అనే పిలుస్తారు, టైల్స్ మేస్త్రీనీ ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆ పోలిక మాకు గౌరవమే అనిపిస్తుంది.

ఈ పనులను చిన్నచూపు చూసే తల్లిదండ్రులకు ఒక్క మాట చెప్పక తప్పదు. కాబా గృహపు గోడలను లేపినవారు ఇబ్రాహీం (అలైహి), ఇస్మాయీల్ (అలైహి). దావూద్ (అలైహి)కు అల్లాహ్ ఇనుమును మెత్తపరచి, కవచపు కడియాలను సరైన కొలతతో అమర్చమని నేర్పాడు. జకరియ్యా (అలైహి) వడ్రంగి. మదీనాలో మస్జిదె నబవీ కడుతున్నప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా ఇటుకలు మోశారు. ఆ నిర్మాణ సందర్భానికి చెందిన మరొక ఉల్లేఖనం మన చర్చకు మరింత దగ్గరైనది. యమామా ప్రాంతం నుండి వచ్చిన తల్క్ బిన్ అలీ (రజి) బంకమట్టిని కలిపే తీరు దైవప్రవక్త (స)కు నచ్చింది. మట్టిపని ఇతనికి బాగా తెలుసు, కనుక ఆ పనిని ఇతనికే అప్పగించండని ఆయన సహచరులకు చెప్పారు. ఇష్టం ఉన్న ప్రతివాడూ రాయి మోయవచ్చు, కాని అడుసు కలపడం తెలిసినవాడే కలపాలి. నైపుణ్యానికి ఇంతకంటే సూటియైన గుర్తింపు ఏముంటుంది?

ఆ గుర్తింపు నేటి మన పనివారికి లేదు. పదేళ్ళుగా టైల్స్ వేస్తున్న యువకుని వద్ద తనకు ఆ పని వచ్చునని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. పెద్ద కంపెనీలో అతడు ఎన్నటికీ హెల్పరే. 1998లో హైదరాబాదులో నెలకొల్పిన జాతీయ నిర్మాణ అకాడమీ వంటి సంస్థలు తాపీపని, ఇనుప చువ్వలు వంచడం, ప్లంబింగ్, వైరింగ్, సర్వే వంటి పనుల్లో యువతకు శిక్షణ ఇచ్చి ధ్రువపత్రం ఇస్తాయి. ఐటీఐలలోనూ ఈ కోర్సులు ఉన్నాయి. మన మసీదుల నోటీసు బోర్డులపై జల్సాల ప్రకటనలు తప్పక కనిపిస్తాయి గాని ఇటువంటి శిక్షణల ప్రకటన అంటించి ఉండగా మేము చూసింది బహు తక్కువ.

మరొక అవకాశాన్ని గురించి ఎవరూ మాట్లాడడం లేదు. అది పాత పద్ధతిలో చేసే సున్నపు పని. 1591 నాటి చార్మినార్ నిలబడి ఉన్నది సిమెంటుతో కాదు, డంగుసున్నంతో. గోల్కొండ సమీపాన కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణను ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013లో చేపట్టి 2024లో ముగించింది. గత శతాబ్దంలో మరమ్మతుల పేరిట పూసిన సిమెంటును అక్కడ తొలగించి, తిరిగి సున్నంతోనే పని చేయించారు. సిమెంటు పూత రాతి గోడలోని తేమను బయటకు పోనివ్వదు. లోపల చిక్కిన తేమ ఆ గోడను తినివేస్తుంది. ఈ రహస్యం తెలిసిన పనివారి కొరకు నేడు వెదకవలసి వస్తున్నది. రెండు రాష్ట్రాలలో పాత మసీదులు, ఆషూర్‌ఖానాలు, దర్గాలు, సరాయిలు ఎన్నో మరమ్మతుకు ఎదురుచూస్తున్నాయి. తాతల చేతిలో ఉండిన ఈ విద్యను మనవలు తిరిగి నేర్చుకుంటే, యంత్రాలు వచ్చినా వారి అన్నం పోదు.

కార్డు లేని చావు

నిర్మాణ కార్మికుల కొరకు పార్లమెంటు 1996లో ప్రత్యేక చట్టం చేసింది. దాని తోబుట్టువైన మరొక చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంలో ఒక శాతాన్ని సెస్సుగా వసూలు చేసి, రాష్ట్ర సంక్షేమ మండలిలో జమ చేస్తారు. పద్దెనిమిది నుండి అరవై ఏళ్ళ లోపు వయసు ఉండి, గత పన్నెండు నెలల్లో తొంభై రోజులు ఈ పని చేసినవారు ఆ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. 2020 నాటి కార్మిక స్మృతులలో ఈ చట్టాలను కలిపినా, సెస్సు, నమోదు అనే మూల ఏర్పాటు అదే. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి, ప్రసూతికి, కుమార్తె పెండ్లికి ఈ మండలుల నుండి సహాయం అందుతుంది. ఇది దానం కాదు. పనివాని చెమట మీద కట్టిన భవనాల నుండి అతని పేరిట తీసిపెట్టిన సొమ్ము.

ఆ సొమ్ము పోగుపడుతున్నా కార్మికులకు చేరడం లేదని 2018లో సుప్రీంకోర్టు ప్రభుత్వాలను తీవ్రంగా మందలించింది. తప్పు ప్రభుత్వాలదే. అయితే దరఖాస్తు చేయనివారికి ఎవరు మాత్రం ఇస్తారు? మనవారు ఎందుకు నమోదు కావడం లేదని ఆరా తీస్తే రెండు కారణాలు పదేపదే వినబడతాయి. తొంభై రోజుల పనికి మేస్త్రీ సంతకం చేయడు. తన మీదకు ఏదో వస్తుందని అతని భయం. రెండవది మన పేర్ల చిక్కు. ఆధార్‌లో ‘షేక్’ ముందు ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ‘ఎస్.కె.’ అని ఉంటుంది, రేషను కార్డులో అదే షేక్ పేరు చివరకు చేరుతుంది. ఇంగ్లీషు అక్షరాలలో దానిని నాలుగు విధాలుగా వ్రాస్తారు. సయ్యద్, పఠాన్ ఇంటిపేర్ల గతీ అంతే. ముగ్గురు గుమాస్తాలు మూడు విధాలుగా వ్రాసిన పేరు మూలంగా ఒక వితంతువు ఏడాదిపాటు కార్యాలయాల మెట్లెక్కడం మాకు తెలుసు. పేరు సరిచేయించుకోవడానికి ఒక పూట పోతుంది, అంతే. ఆ పూట కూలి పోయినా సరే, మనిషి బ్రతికి ఉండగానే ఆ పని చేయించుకోవాలి.

ప్రమాదం చెప్పి రాదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వారు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్‌ల నుండి బ్రతుకుతెరువు కోసం వచ్చినవారు. అటువంటి పెద్ద ప్రమాదం పత్రికలకు ఎక్కుతుంది. రెండవ అంతస్తు పరంజా నుండి జారిపడి నడుము విరిగిన సెంట్రింగ్ కూలీ ఏ పత్రికకూ ఎక్కడు. నడుముకు బెల్టు కట్టుకోమంటే నవ్వే యువకులను చూస్తుంటాము. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానతు. దానిని జాగ్రత్తపరచడం పిరికితనం కాదు. ఒంటెను కట్టివేసి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) చేసిన హితవు పరంజా ఎక్కేవానికీ వర్తిస్తుంది.

గల్ఫ్ వెళ్ళేవారి విషయంలోనూ కాగితమే రక్షణ. కరీంనగర్, నిజామాబాదు, కడప జిల్లాల ఇండ్లలో ఈ సంగతి తెలియనివారు ఉండరు. ఇమిగ్రేషన్ అనుమతి తీసుకొని పనివీసా మీద వెళ్ళే కార్మికునికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో మరణిస్తే పది లక్షల రూపాయలు కుటుంబానికి వస్తాయి. విజిట్ వీసా మీద వెళ్ళి దొంగచాటుగా పనిచేసేవానికి ఆ ఆసరా ఉండదు. ఆ దేశాలలోని లోపాలు మనం ఎరుగనివి కావు. 2024 జూన్‌లో కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల నివాసం కాలిపోయి నలభై ఐదుగురు భారతీయులు మరణించారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌వారు. అయినా వారి నుండి నేర్చుకోదగిన సంగతులు రెండు ఉన్నాయి. ఎమిరేట్స్‌లో 2009 నుండి వేతనాన్ని బ్యాంకు ద్వారా చెల్లించే విధానం ఉన్నది గనుక ఇవ్వలేదా, ఇచ్చారా అన్నది తెలిసిపోతుంది. సౌదీ అరేబియాలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండు నుండి మూడింటి వరకు ఎండలో పని చేయించడం నిషిద్ధం. మే నెల రామగుండం ఎండలో స్లాబు పోయించే మనవారికి ఆ మూడు గంటల ఆలోచన ఎందుకు రాదో!

మనం యజమానులమైనప్పుడు

ఇంతవరకు మన బిడ్డల హక్కును గురించి చెప్పాము. ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఇల్లు కట్టుకుంటున్నవారు, చిన్న కాంట్రాక్టులు చేస్తున్నవారు కూడా ఉన్నారు. వారితో మాట్లాడవలసినది వేరే ఉంది.

మదర్సాలలో బోధించే ‘హిదాయా’ గ్రంథంలో ఇజారా, అంటే కిరాయి ఒప్పందాల ప్రకరణం ఒకటి ఉన్నది. పని ఏమిటో, కూలి ఎంతో ముందుగా తెలియని ఒప్పందం ఫాసిద్ అని అందులో చదువుతాము. “పని చూసి ఇస్తాంలే, మనం మనం చూసుకుందాం” అనే మాట మన ప్రాంతంలో మర్యాదగా చెల్లుతుంది గాని ఫిఖహ్‌లో చెల్లదు. అలా పని జరిగిపోతే, ఆ ఊరిలో ఆ పనికి వాడుకలో ఉన్న కూలి చెల్లించవలసి ఉంటుంది. మరొక భేదం కూడా ఉన్నది. దినకూలికి పెట్టుకున్నవాడు వేరు, చదరపు అడుగుకు ఇంతని గుత్తకు పని ఒప్పుకున్నవాడు వేరు. గుత్త మనిషికి పని పూర్తయినప్పుడు కూలి. దినకూలి మనిషి మాత్రం చెప్పిన వేళకు వచ్చి తనను తాను అప్పగిస్తే చాలు, కూలికి అర్హుడవుతాడు. సిమెంటు లారీ రాలేదని, ఇనుము కొనలేదని పదిన్నరకు అతన్ని ఇంటికి పంపివేసి ఆ రోజు కూలి ఎగవేయడానికి యజమానికి హక్కు లేదు. పని ఆగింది యజమాని వైపు నుండి గదా. ఇది చదివి కొందరు కాంట్రాక్టరు సోదరులు మాపై కినుక వహించవచ్చు. హనఫీ ధర్మవేత్తలు వ్రాసింది ఇదే.

కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త బోధనను ఎరుగనివారు మనలో లేరు. పూర్తిగా పని చేయించుకొని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ ప్రకటించినట్లు బుఖారీ హదీసులో ఉన్నది. ఆ కూలీ ముస్లిమా, కాదా అనే ప్రస్తావన అక్కడ లేదు. పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా, బీహారు నుండి వచ్చి మన ఇండ్లు కట్టేవారందరూ అందులో ఉన్నారు.

చెప్పడానికి కష్టంగా ఉన్న సంగతి మరొకటి. అల్లాహ్ గృహాన్ని కట్టేటప్పుడు కూడా ఈ జాగ్రత్త లోపిస్తున్నది. చందా ఆగింది గనుక తాపీ మేస్త్రీని రంజాన్ వరకు ఆగమంటారు. ఆ లోపల మిహ్రాబుకు కొత్త పాలరాయి, పైన వేలాడే షాండ్లియర్ మాత్రం వచ్చేస్తాయి. మేము ఏ ఒక్క కమిటీని ఉద్దేశించి వ్రాయడం లేదు. ఇటువంటివి ఒకటి రెండు కావు. మేస్త్రీ పిల్లలు ఆకలితో ఉండగా వెలిగే దీపం ఎవరి కొరకు? గుహలో చిక్కుకున్న ముగ్గురి వృత్తాంతంలో ఒకతని పుణ్యకార్యం ఏమిటో గుర్తుచేసుకోండి. కూలీ తీసుకోకుండా వెళ్ళిపోయిన కూలిని అతడు వ్యాపారంలో పెట్టి వృద్ధిచేసి, ఆ మనిషి ఏళ్ళ తరువాత తిరిగి వచ్చినప్పుడు పశువుల మందలతో సహా అప్పగించాడు. ఆ పుణ్యం వల్లనే బండ కదిలింది.

చిన్న కాంట్రాక్టరు కష్టం కూడా మాకు తెలియనిది కాదు. పైనుండి బిల్లు నెలల తరబడి రాదు. శనివారం సాయంత్రం కూలీలు గుమ్మం ముందు ఉంటారు. అప్పుడతడు నూటికి మూడు, నూటికి ఐదు వడ్డీకి తెస్తాడు. వడ్డీ హరామ్ అని చెప్పి ఊరుకుంటే మా బాధ్యత తీరదు. ఇదే ఫిఖహ్ గ్రంథాలలో ‘షిర్కతుస్సనాయె’ అనే భాగస్వామ్యం ఉన్నది. పెట్టుబడి లేకున్నా ఇద్దరు ముగ్గురు పనివారు కలిసి పని ఒప్పుకొని, వచ్చిన ఆదాయాన్ని ముందుగా అనుకున్న నిష్పత్తిలో పంచుకోవచ్చు. తాపీ మేస్త్రీ, ప్లంబరు, వైరింగ్ మనిషి, పెయింటరు ఒకే జట్టుగా ఏర్పడి ఇల్లు మొత్తాన్ని ఒప్పుకుంటే మధ్యవారి కమీషను మిగులుతుంది, ఒకని పని ఆగినా మరొకనికి నడుస్తుంది. చట్టపరంగా సంఘం కావాలంటే శ్రామిక సహకార సంఘాలకు మన రాష్ట్రాలలో చిరకాలంగా వీలున్నది. ఇటువంటి జట్లకు మొహల్లా బైతుల్‌మాల్ నుండి రెండు వారాల కూలికి సరిపడా వడ్డీలేని ఋణం ఇవ్వగలిగితే, సంవత్సరానికి ఒకసారి దుప్పట్లు పంచేదానికంటే అది మేలని మా అభిప్రాయం.

ఇంటిలో ఒక నోటుబుక్కు

మొదట చెప్పిన ఆయతులో ఒక సూక్ష్మం ఉన్నది. వ్రాతను చెప్పవలసినది ఎవరు? ఋణం తనపై ఉన్నవాడు, అంటే బాకీదారు. రావలసినవాడు ఎంత వ్రాసుకున్నా వివాదం వస్తుంది. ఇవ్వవలసినవాడే తన నోట చెబితే వివాదం ఉండదు. కనుక ప్రతి శనివారం మేస్త్రీయే “నీకు ఇన్ని రోజులు, ఇంత ఇచ్చాను, ఇంత బాకీ” అని చెప్పాలి. అతనికి సంతకం ఇష్టం లేకపోతే వాట్సాప్‌లో ఒక మాట రికార్డు చేసి పంపమనండి. పది క్షణాల పని. మంచి మేస్త్రీకి దానివల్ల నష్టం లేదు, ఎక్కువ ఇచ్చిన అడ్వాన్సు మరచిపోకుండా అతనికీ పనికివస్తుంది.

ఆ లెక్కను దాచవలసినవారు ఇంటిలోని సోదరీమణులు. భర్తో, కుమారుడో పని నుండి రాగానే తేదీ, పని జరిగిన చోటు, మేస్త్రీ పేరు, కూలి, చేతికి వచ్చినది, రావలసినది ఒక నోటుబుక్కులో వ్రాసి పెట్టండి. పదవ తరగతి చదువుతున్న కుమార్తె ఉంటే ఆ పనిని ఆమెకు అప్పగించండి. తొంభై రోజుల పనికి రుజువు కావలసినప్పుడు, కూలి విషయమై కార్మికశాఖకు వెళ్ళవలసినప్పుడు, అల్లాహ్ కాపాడుగాక, ఏదైనా జరగరానిది జరిగినప్పుడు ఆ పుస్తకం మీ తరఫున మాట్లాడుతుంది.

మసీదు కమిటీలకు మా మనవి చిన్నది. నెలలో ఒక జుమా నమాజు తరువాత వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించండి. డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరిని కూర్చోబెట్టండి. వచ్చినవారి ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషను కార్డులలో పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో ముందు చూడమనండి. లేనివారిని సవరణకు పంపమనండి. ఉన్నవారి దరఖాస్తు నింపి, ఫొటో అంటించి, తొంభై రోజుల పత్రంపై అక్కడే ఉన్న మేస్త్రీ చేత సంతకం చేయించి, సోమవారం సహాయ కార్మిక అధికారి కార్యాలయానికి పంపాలి. జుమాకు మేస్త్రీ కూడా వస్తాడు, కూలీ కూడా వస్తాడు. వారిద్దరూ ఒకే చోట తీరికగా దొరికే వేళ వారం మొత్తంలో అదొక్కటే.